మేస్త్రి బొటనవేలు

మొన్న పాల్వంచ బస్టాండు ఎదురుగా నిలబడి చాయ్ తాగుతున్నాను. ఒక తెల్ల కారు భద్రాచలం దిక్కు పోతూ స్పీడు బ్రేకరు దగ్గర నెమ్మదించి, మళ్లీ ఊపందుకుంది. ఊపందుకునేటప్పుడు దాని కడుపులోంచి ఒక మొద్దు చప్పుడు వచ్చింది. తడిబట్టలో రాయి చుట్టి గోడకు కొట్టినట్టు.

"రాడ్డు బేరింగు పోతున్నది" అన్నాను పైకే.

చాయ్ పోసే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నేను మాత్రం "విన్నవా అన్నా" అనడానికి పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు. మేస్త్రి పోయి నెల దాటింది.

ఆయనే ఉంటే చాయ్ గ్లాసు కింద పెట్టి రోడ్డు మీదికి ఉరికేవాడు. తెలియని వాళ్ల కార్లను అట్లా ఆపడం ఆయనకు అలవాటు. "బండి ఆపు తమ్మీ, ముందుగాల ఇంజను బందుపెట్టు" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. కొందరు తిట్టి పోయేవాళ్లు. దర్శనం టైముకు అందుకోవాలని తొందరపడే యాత్రికులైతే మరీ గొడవ చేసేవాళ్లు. ఒకాయన భార్యాపిల్లలతో వచ్చి, "జల్దీ చెయ్ మేస్త్రీ, పన్నెండింటికి గుడి మూస్తరు" అని నెత్తి మీద కూర్చున్నాడు. మేస్త్రి బానెట్టు కిందినుంచి తల కూడా ఎత్తలేదు.

"రామయ్య ఏడికీ పోడు. పోయింది నీ గ్యాస్కెట్టు. కూసో."

పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు పక్కన ఆయన షెడ్డు. వెనక నుంచి అడవి మొదలవుతుంది. షెడ్డుకు బోర్డు లేదు. బోర్డు రాయిస్తానని ఎవరో అంటే, "గా రంగు డబ్బా ఏదో నాకియ్, డ్రమ్ములకు తుప్పు పడుతున్నది" అన్నాడు. ఊరందరికీ ఆయన మేస్త్రి. నాకు అన్న. నేను ఆ షెడ్డులో ఇంజను సామాన్లు కడిగే పని చేసేదాన్ని.

ఆయనను తలుచుకుంటే నాకు ముందు కనబడేది మొఖం కాదు, కుడిచేతి బొటనవేలు. వెడల్పుగా, పలకలాగా ఉండేది. గోరు నడిమికి చీలి ఉండేది. గీతల్లో నలుపు ఎంత కడిగినా పోయేది కాదు. లోకంలో ఏ వస్తువు చేతికి వచ్చినా ఆయన ముందు దాని మీద ఆ వేలు జరిపి చూసేవాడు. ఆయన భార్య, మా వదినె, జొన్నరొట్టె పళ్లెంలో పెడితే అంచు మీద వేలు జరిపి, "ఇటుపక్క జర మందమైంది" అనేవాడు. "మందమైన పక్క ఆకలి జర ఎక్కువ తీరుతది, తిను" అనేది వదినె. ఒకసారి ఆమెకు చీర కొందామని ముగ్గురం కొత్తగూడెం పోయాం. దుకాణంలో మడతలన్నీ విప్పించి, ఒక్కో చీర కొస మీద బొటనవేలు జరుపుతూ కూర్చున్నాడు.

"ఏంది మేస్త్రీ, చీర కొంటున్నవా, సిలిండరు చూస్తున్నవా?" అన్నాడు దుకాణం ఆయన.

"దీంట్ల ఒక పోగు తెగి ఉన్నది. నీకు కనబడతలేదు."

దుకాణం ఆయన ఆ చీరను వెలుతురుకు పట్టి వెతికి వెతికి, చివరికి చప్పుడు చేయకుండా మడిచి లోపల పెట్టాడు. వదినె మాత్రం బయటికి వచ్చినంక, "మంది నడుమ ఇజ్జత్ తీసినవ్. నాకు ఆ రంగే నచ్చింది" అని బస్సెక్కే దాకా మాట్లాడలేదు.

నేను ఆయన దగ్గరికి పనికోసం రాలేదు. మాది దుమ్ముగూడెం అవతలి అడవి ఊరు. అప్పట్లో తేనె, మైనం ఎత్తుకొచ్చి రోడ్డు పక్కన అమ్మేదాన్ని. ఒక పొద్దున ఆయన షెడ్డులోంచి వచ్చి తేనె సీసాలను పక్కకు జరిపి, మైనం ముద్ద తీసుకుని బొటనవేలితో నొక్కాడు.

"తేనె మంచిది అన్నా, పుట్టతేనె" అన్నాను.

"తేనె నీ దగ్గరనే ఉంచు చెల్లె. మైనం మొత్తం ఇయ్."

మైనంతో కార్ల మేస్త్రికి ఏం పనో తెలియక వెనకే పోయి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వద్దనలేదు. ఒక ఇంజను పైభాగం విప్పి ఉంది. మైనాన్ని ఎండలో పెట్టి మెత్తగా చేసి, పిస్టను నెత్తిమీద రొట్టెలాగా పరిచాడు. పైన నూనె రాశాడు. హెడ్డు అనే ఆ పైభాగాన్ని మళ్లీ ఎక్కించి బిగించి, ఇంజనును చేత్తోనే మెల్లగా తిప్పాడు. మళ్లీ విప్పితే మైనం మీద వాల్వుల అచ్చు గుంటలుగా పడి ఉంది, తడిమట్టిలో గిట్ట దిగినట్టు. బ్లేడుతో ఆ గుంట దగ్గర కోసి, ముక్కను ఆకాశానికి పట్టి చూశాడు.

"గీ మందమే వాల్వుకూ పిస్టనుకూ నడుమ సందు. ఇంతకు తగ్గితే రెండూ కొట్టుకుని సస్తయ్" అన్నాడు నాకు. తర్వాత ఆ ముక్క మీద బొటనవేలు జరిపాడు. కండ్లతో చూసింది నా కోసం, వేలితో చూసింది ఆయన కోసం.

మర్నాటి నుంచి అక్కడే పనిలో చేరాను. అప్పటికి నాకు అక్షరాలు రావు. మహిళా సంఘం వాళ్లు పెట్టిన రాత్రిబడిలో తర్వాతెప్పుడో నేర్చుకున్నాను. ఏ ముక్క ఏ సిలిండరుదో గుర్తుపట్టడానికి అంకెలు ఉంటాయని చెప్పి, నా మొఖం చూసి ఆగిపోయాడు. పంచు తీసుకుని ట్రేల మీద చుక్కలు కొట్టాడు. ఒకటో దానికి ఒక చుక్క, రెండో దానికి రెండు. "ఇంజను ముక్కల మీద ఎట్లాగూ నేను గిట్లనే కొడత. ఇద్దరికీ ఒకటే లెక్క" అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆయన పని అంతా సందుల పనే. "ఇనుము ఇనుమును ముట్టొద్దు చెల్లె. నడుమ సందు ఉండాలె, ఆ సందుల ఆయిలు ఉండాలె. సందు ఎక్కువైతే కొట్టుకుంటయ్. తక్కువైతే అంటుకుంటయ్." కొలిచే పరికరాలు ఆయన దగ్గర అన్నీ ఉండేవి. బేరింగులో పెట్టి నలగగొట్టి కొలిచే సన్న ప్లాస్టిక్ దారం కూడా హైదరాబాదు నుంచి తెప్పించేవాడు. అన్నిటితో కొలిచేవాడు. కొలిచాక వేలు పెట్టేవాడు. వేలు ఒప్పుకోకపోతే మళ్లీ మొదటినుంచి కొలిచేవాడు.

బేరింగు ముట్టుకునే ముందు ఆయన చేతులు కడగడం ఒక తతంగం. రంపపు పొట్టు, సబ్బు కలిపి మోచేతుల దాకా రుద్దేవాడు. బట్టతో తుడుచుకునేవాడు కాదు, నూగు అంటుతుందని. రెండు చేతులూ పైకెత్తి గాలికి ఆరబెట్టుకుంటూ షెడ్డు నడిమి నిలబడేవాడు. అప్పుడు ఎవరూ పలకరించకూడదు. వదినె అన్నం తెచ్చి టిఫిను డబ్బా పట్టుకుని నిలబడి, "దేవునికి మొక్కేటప్పుడు కూడా ఇంత సేపు కడగడు ఈ మనిషి" అని నాతో అనేది. ఆయన నవ్వు ఆపుకునేవాడు, చేతులు దించకుండానే.

శ్రీకాంత్ కారు వచ్చింది ఆ షెడ్డు మంచిగా నడుస్తున్న రోజుల్లోనే. శ్రీకాంత్ కొత్తగూడెం పిల్లగాడు, బొగ్గు గనుల్లో డంపరు నడుపుతాడు. వాళ్ల నాయన వాడిన పాత చిన్న కారును పందెం కారు చేయాలని వాడి కోరిక. నాయన ఉన్నప్పుడే మొదలుపెట్టిన పని. నాయన పోయాక దాన్ని ఎట్లాగైనా ఒక్కసారి ట్రాకు మీద తిప్పాలని పట్టుపట్టాడు. కొత్త పిస్టన్లు, వాల్వులను ఎక్కువగా లేపే కొత్త క్యామ్ షాఫ్టు తెప్పించుకున్నాడు. "ఇవన్నీ పెడితే నడుమ సందులు మారుతయ్. కొనుడు అల్కగనే ఉంటది, బిగించుడే కష్టం" అన్నాడు మేస్త్రి. అన్నాడు గానీ ఆ సామాను చూసి ఆయన కండ్లు మెరిశాయి. గ్యాస్కెట్లు మార్చీ మార్చీ విసిగిన మనిషి. చాలా ఏళ్లకు ఆయన చేతికి తగిన ఇంజను వచ్చింది.

రోజుల తరబడి ఆ ఒక్క ఇంజనే. మా ఊరి నుంచి కొత్త మైనం తెప్పించాడు. శ్రీకాంత్ డ్యూటీ దిగి బొగ్గు మసితోనే వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు.

"ఎప్పుడైతది మేస్త్రీ?"

"నువ్వు అడుగుడు బందుచేసిన తెల్లారి."

"పందెంల గెలిస్తే నీ ఫోటో కారు మీద వేయిస్త."

"నా ఫోటో వేస్తే ఎదురుగొచ్చేటోడు భయపడి చెట్టుకు గుద్దుతడు. వద్దు."

ఇంజను మొదటిసారి స్టార్టయిన పొద్దున వదినె కొబ్బరికాయ కొట్టింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బిగుతుగా, నిండుగా, ఎక్కడా ఖాళీ లేని చప్పుడు. శ్రీకాంత్ మేస్త్రి కాళ్లకు మొక్కబోతే ఆయన ఎగిరి వెనక్కి దూకాడు.

మూడోనాడు కారు మళ్లీ వచ్చింది. శ్రీకాంత్ మొఖం పాలిపోయి ఉంది. "వేడెక్కినంక కొడుతున్నది మేస్త్రీ. లోపట."

"చల్లగున్నప్పుడు?"

"సప్పుడు లేదు."

మేస్త్రి మొఖంలో రంగు మారడం నేను చూశాను. చల్లగున్నప్పుడు కొట్టి వేడెక్కాక తగ్గితే పిస్టను, భయం లేదు. వేడెక్కి ఆయిలు పలచబడ్డాక కొట్టడం మొదలైతే బేరింగు. ఆ సంగతి అప్పటికి నాకు కూడా తెలుసు.

ఇంజను వేడెక్కే దాకా నడిపించి, కర్రముక్క ఒక కొస ఇంజనుకు ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకుని వంగాడు. నన్ను ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకమన్నాడు. మొదటిది పీకితే చప్పుడు మారలేదు. రెండోది పీకితే తగ్గింది. మూడోది పీకినప్పుడూ కొంచెం తగ్గింది. "రెండు, మూడు" అన్నాడు. కండ్లు మూసుకుని ఇంకా వింటూ ఉన్నాడు.

అప్పుడు వాసన వచ్చింది.

"ఏదో కాలుతున్నది మేస్త్రీ. ఆయిలా?" అన్నాడు శ్రీకాంత్.

మేస్త్రి కండ్లు తెరిచి గాలి పీల్చాడు. "ఆయిలు కాదు" అన్నాడు. కర్ర పక్కన పెట్టి వాసన ఎక్కడిదో వెతకసాగాడు. ఇంజను కిందికి చూశాడు, వైర్ల వైపు చూశాడు. వంగినప్పుడు ఆనుకోవడానికి పెట్టిన కుడిచెయ్యి పొగగొట్టం మీదనే ఉంది. కాలుతున్నది ఆ చెయ్యే.

నేను అరిచి చెయ్యి లాగాను. అరచెయ్యి, బొటనవేలి మొదలు తెల్లగా ఉడికిపోయి ఉన్నాయి. ఆయన ఆ చెయ్యిని, ఎవరో బల్లమీద వదిలిపోయిన వస్తువును చూసినట్టు చూశాడు. మొఖంలో నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండేది.

వదినె ఉరికొచ్చింది. బక్కెట్టు నీళ్లలో చెయ్యి ముంచి పట్టుకుని, "షుగరు గోళీలు మింగు మింగు అంటే ఇనకపోతివి. చేతులు తిమ్మిరి పట్టినయని ఒక్కనాడన్న చెప్పకపోతివి" అని ఏడ్చింది. ఆయన ఆమె వైపు చూడలేదు. "ఇంజను చల్లారనియ్యి. చాంబరు ఇప్పుదాం" అన్నాడు నాతో.

వద్దంటే వినలేదు. చేతికి బట్ట చుట్టించుకున్నాడు, బొటనవేలు మాత్రం బయటికి ఉంచమన్నాడు. మధ్యాహ్నం దాటాక ఇంజను దించి తలకిందులుగా స్టాండుకు బిగించాం. అడుగున ఆయిలు నిలిచే చాంబరు విప్పితే, ఆయిలులో రాగి పొడి మెరుస్తున్నది. అరిగిన బేరింగు అది. పిస్టనుకు తగిలించిన రాడ్డు కింది కొసను, అడుగున తిరిగే క్రాంకు ఇరుసు చుట్టూ పట్టి ఉంచే సగం ముక్కను క్యాపు అంటారు. ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే సరిపోతుంది. మారిస్తే బోల్టులు బిగుసుకుంటాయి గానీ లోపలి గుండ్రం గుండ్రంగా ఉండదు, సందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. అందుకే రాడ్డు మీదా, క్యాపు మీదా ఒకటే లెక్క చుక్కలు కొడతారు. మిగతావాళ్లు ఆ చుక్కలను చూసి బిగిస్తారు. ఆయన ఏనాడూ చూడలేదు. ఆయిలులో ముంచిన క్యాపును చేతిలోకి తీసుకుని, చుక్కల మీద బొటనవేలు జరిపి, మాట్లాడుతూ మాట్లాడుతూనే దాని చోట పెట్టేసేవాడు.

మూడో రాడ్డు నుంచి క్యాపు విప్పి నా చేతికిచ్చాడు. గుడ్డతో తుడిచాను. మళ్లీ తుడిచి చూశాను.

"అన్నా, ఇది రెండుది."

"మూడుది." క్యాపు తీసుకుని వేలు జరిపాడు. మళ్లీ జరిపాడు. "మూడే."

"రెండు చుక్కలే ఉన్నయ్ అన్నా. ఒకసారి చూడు."

ఆయన చూడలేదు. వేలు జరుపుతూనే ఉన్నాడు, మెల్లగా, గట్టిగా, గోటి కొసతో, వేలి పక్కతో. శ్రీకాంత్ స్టూలు మీదినుంచి లేచాడు. చాలా సేపటికి ఆయన గుమ్మం దాకా నడిచి, క్యాపును ఎండలోకి పట్టి, కండ్లు చిట్లించి చూశాడు.

తిరిగి వచ్చి శ్రీకాంత్ ఎదురుగా నిలబడ్డాడు. కావాలంటే తప్పును లేతు షాపు వాళ్ల మీదికి నెట్టొచ్చు, సామాను నాసిరకం అనొచ్చు. శ్రీకాంత్ నమ్మేవాడే.

"తప్పు నాది తమ్మీ. కొలిచినంక ఆఖరుసారి బిగించేటప్పుడు రెండో దానిది మూడో దానికి, మూడో దానిది రెండో దానికి బిగించిన. నీ క్రాంకు గీకేసిన. నీ పందెం పోయింది."

శ్రీకాంత్‌కు నిజంగానే ఆ ఏడు పందెం పోయింది. కోపం చేస్తాడనుకున్నాను. వాడు మేస్త్రి చేతి కట్టు వైపు చూసి, "పోనీ మేస్త్రీ. నువ్వు కూసో. నీకు బాగలేదు" అన్నాడు. తిట్టినా ఆయన తట్టుకునేవాడు. ఆ జాలి మాట విని పక్కనున్న డ్రమ్ము పట్టుకుని కూర్చుండిపోయాడు. అన్ని ఏళ్లలో ఆయన షెడ్డులో పని నడుమ కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

నేను పనికి వచ్చేసరికి మర్నాడు ఆయన చేతులు కడుక్కుని ఉన్నాడు. కాలిన చెయ్యి పక్కకు పెట్టి, ఒక్క ఎడమ చెయ్యే పైకెత్తి ఆరబెట్టుకుంటున్నాడు. "నువ్వు కూడా కడుక్కో చెల్లె. మోచేతుల దాకా" అన్నాడు.

క్రాంకును లేతు మీద సాపు చేయించి తెచ్చాక, నా బొటనవేలు దాని మీద పెట్టించాడు.

"ఎట్లున్నది?"

"నున్నగ ఉందన్నా."

"నున్నగ అంటే ఎట్ల? నువ్వు చెప్తేనే నాకు తెల్వాలె."

నేను మళ్లీ వేలు జరిపాను. ఆయనే అడుగుతూ పోయాడు. తునికాకు ముందుపక్క లెక్కనా, వెనకపక్క లెక్కనా? చింతగింజ లెక్కనా? ఇప్పగింజ పొట్టు తీసినంక ఉంటది చూడు, గట్లనా? నేను కండ్లు మూసుకుని, "ఇప్పగింజ లెక్కనే అన్నా. కానీ ఈ కొసకు వచ్చేసరికి జర గరుకు, తునికాకు వెనకపక్క లెక్క" అన్నాను. "అవ్, గది చెప్పు, గది చెప్పు" అని పిల్లవాడిలా ముందుకు వంగాడు. ఆ కొసను మళ్లీ సాపు చేయించాడు. ప్రతి ముక్కకూ అంతే. దారం పెట్టి కొలిచేది ఆయన, వేలు పెట్టి చెప్పేది నేను. క్యాపులు మాత్రం ఒక్కొక్కటీ గుమ్మం దాకా తీసుకుపోయి ఎండలో చూసి తెచ్చేవాడు, నేను చూశానని చెప్పినా సరే.

ఇంజను మళ్లీ నిలబడింది. శ్రీకాంత్ వచ్చి స్టార్టు చేశాడు. వేడెక్కే దాకా అందరం చుట్టూ నిలబడ్డాం. వేడెక్కింది, ఇంకా వేడెక్కింది. ఏ చప్పుడూ లేదు. వదినె నా భుజం గట్టిగా పట్టుకుంది. మేస్త్రి ఇంజను పైమూత మీద ఎడమ చెయ్యి పెట్టాడు. ముందైతే అట్లా పెట్టి లోపల ఏ సిలిండరు ఎట్లా కొడుతున్నదో చెప్పేవాడు. కాసేపు ఉంచి తీసేశాడు. "తీస్కపో తమ్మీ. దీనికి రందిలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో ఇంజను విప్పలేదు. వచ్చిన బండ్లను పాల్వంచలో వేరే మేస్త్రి దగ్గరికి పంపేవాడు. రోజూ పొద్దున షెడ్డు తెరిచి, నేను కడిగి పెట్టిన పాత సామాను మధ్య కూర్చునేవాడు. వానలు మొదలైనంక ఒకనాడు చెప్పులోంచి నెత్తురు కారుతుంటే వదినె చూసింది. ఇనుప పెచ్చు ఒకటి చెప్పులోకి ఎక్కి పాదంలో దిగి ఉంది. దాంతోనే ఎన్నాళ్లు నడిచాడో ఆయనకు తెలియదు. ఖమ్మం దవాఖానాలో ముందు వేళ్లు తీశారు, తర్వాత పాదం తీశారు. జ్వరం మాత్రం తగ్గలేదు.

నేను తెల్లవారుజాము బస్సుకు పోయాను. వదినె గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ఆయన గోడ వైపు తిరిగి కండ్లు మూసుకుని ఉన్నాడు. కుడిచెయ్యి మంచం అంచున ఉంటే, రెండు చేతులతో పట్టుకుని పక్కన కూర్చున్నాను. కాలిన మచ్చ మానింది. గీతల్లో నలుపు మొత్తం పోయి చెయ్యి తెల్లగా ఉంది. ఆ తెల్లదనం చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను. వదినె చాయ్ కోసం కిందికి పోయి వచ్చింది, నర్సు సెలైను మార్చి పోయింది, ఎండ కిటికీ దాటి గోడ మీదికి ఎక్కింది.

ఆయన కండ్లు తెరవకుండానే, "ఎవరు ఏడుస్తున్నది?" అన్నాడు.

"నేనే అన్నా. నీ చెయ్యి పట్టుకున్న."

మెల్లగా తల తిప్పాడు. తన చెయ్యి ఎక్కడుందో కండ్లతో వెతుక్కుని, నా చేతుల్లో చూశాడు.

"ఎప్పటిసంది పట్టుకున్నవ్ చెల్లె?"

"ఇప్పుడే అన్నా" అన్నాను.